నీళ్ళలో నిలబడి ఎండిన మిరప

హనుమకొండ గ్రంథాలయంలో నాకు దొరికిన వృక్షశాస్త్రం పుస్తకానికి అట్ట లేదు. చిన్నప్పుడే బడి మానేసి బట్టల దుకాణంలో కుదిరినవాణ్ణి. సెలవు దొరికితే అక్కడే కూర్చునేవాణ్ణి. వేరు కొనల దగ్గర నూగులాంటి వెంట్రుకలుంటాయనీ, మట్టిలోని నీరు వాటిగుండా లోపలికి పోతుందనీ, ఆకులు ఆవిరి వదులుతూ ఆ నీటిని తెగని దారంలా పైకి లాగుతాయనీ అందులో చదివాను. వేరుకూ ఊపిరి కావాలని తెలిసిన రోజు ఆ సంగతి దుకాణంలో అందరికీ చెప్పాను.

మా అక్క నర్సంపేట దగ్గరి పల్లెలో ఉండేది. బావ పోయాక ఒక్కతే నల్లరేగడి చేనులో మిరప పెట్టింది. ఒంటరి ఆడదానికి వ్యవసాయం ఎందుకు, చేను తనకిమ్మని మరిది అప్పటికే అడుగుతున్నాడు. ఆ పంట నిలబడితేనే చేను ఆమె చేతిలో ఉంటుంది.

ముసురు వెలిసి ఎండ కాసిన రోజు నేను వెళ్ళాను. పూత మీదున్న చెట్ల ఆకులు వేలాడుతున్నాయి. సాళ్ళలో నీరు ఇంకా నిలిచే ఉంది. అయినా చెట్లకు దాహమనుకుని అక్క బావి దగ్గర మోటారు పెట్టింది.

"అక్కా, బంద్ చెయ్. ఏర్లు మునిగినయ్."

"తలకాయలేసినయ్ కనవడ్తలేదా తమ్మీ? దూపకే గట్లయితానయ్."

"దూప కాదే. గాలి లేకుంటే ఏరు నీళ్ళు గుంజదు. నీళ్ళల్ల ఉండే ఎండుతయ్. పుస్తకంల సదివిన."

గట్టు మీద కూర్చున్న మరిది నవ్వాడు. "బట్టలు కొలిచెటోడు ఎవుసం జెప్పవట్టె. వదినె, నీ వంతు నీకద్దంటే నాకియ్యి."

అక్క చెయ్యి స్విచ్చు దాకా పోయి ఆగింది. బావి ఇద్దరిదీ, వంతుల మీద మోటారు పెట్టుకోవాలి. వంతు వదిలినవాళ్ళకు నీళ్ళ అవసరం లేదన్నట్టే లెక్క. ఎండలు ముదిరాక అడిగితే ఎవరూ వినరు. పోనీ నీళ్ళను పక్కనున్న ఒర్రెలోకి, ఆ చిన్న వాగులోకి మళ్ళిద్దామన్నాను.

"ఒర్రెల పోసిందని ఊరంత జెప్తడు. పారనియ్," అంది.

మర్నాడు పల్లపు మూల గండి కొట్టి నీళ్ళు బయటికి వదిలాను. ఆకులు లేవలేదు. ఒక చెట్టు పట్టి లాగితే బలం పెట్టకుండానే వచ్చింది. తెల్లగా ఉండాల్సిన వేరు మట్టిరంగుకు తిరిగింది. రెండు చేతివేళ్ళ మధ్య పట్టుకుంటే తొక్క ఊడిపోయి లోపలి పీచు మిగిలింది. మురుగు వాసన కొట్టింది.

అక్క ఆ వేరును చేతిలోకి తీసుకుంది. "గిప్పుడేం జెయ్యాల్నో రాసిన్రా పుస్తకంల?"

రాయలేదు.

చెట్లన్నీ పీకి పొయ్యిలోకని గట్టు మీద ఎండబెట్టాం. పీకడానికి మరిది కూడా వచ్చాడు. తర్వాత చేను అతనే దున్నాడు.

కాయల కాలంలో, ఊరు విడిచి వచ్చిన అక్కను ఎనుమాముల మిర్చి యార్డు దగ్గర చూశాను. ఎవరివో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని కూలికి తొడిమలు తీస్తోంది. వేళ్ళ మంటకు నూనె రాసుకుంది. దుకాణానికొచ్చినవాళ్ళ నోట విన్న ఊరి సంగతులు చెప్తూ, ఆమె వంతు నాడు ఇప్పుడు మరిది మోటారు పెట్టుకుంటున్నాడన్నాను.

"ఒక్క వంతు సుత ఇడ్వలేదు తమ్మీ నేను," అంది, కాయ మీది నుంచి చూపు ఎత్తకుండా.