సంతలో కొన్న బూట్లు

తొంభైల చివర్లో, అడవిలో ఉన్న తెల్లదొరల కాలంనాటి సమాధులు చూద్దామని నర్సీపట్నంలో బస్సెక్కాను. బస్సు దిగాక తేలిక నడకేనన్నారు. కొత్త బూట్లు కరుస్తుంటే విప్పి కింద పెట్టాను. పక్కసీటు ముసలావిడ అవి చూసి, రెండూ అందుకుని కిటికీలోంచి విసిరేసింది.

ఒళ్లు మండి ఆమె చెయ్యి మెలిపెట్టాను. విడిపించుకోలేదు.

“మా కొడుకూ సంతలో ఇలాటి బూట్లే కొన్నాడు బాబూ. అడివిలో నడుస్తంటే పోలీసులు నక్సలైటనుకున్నారో, నక్సలైట్లు పోలీసనుకున్నారో, కాల్సి పారేసినారు. ఎవులో నేటికీ తెల్దు.”

నా పట్టు జారింది. ఆమె తన పాదాలకి మరీ పెద్దవైన హవాయి చెప్పులు విడిచి నా ముందుకు తోసింది.

“ఇవేసుకో. ఆ రోజు బూట్లేసుకుని, ఈటిని ఇంటికాడ వొగ్గీసెల్లిపోనాడు.”

సరిగ్గా నా సైజే.