మంచె మీది కూత

నేను చేసే పనికి మా ఇంట్లో పేరు లేదు. "మీ బిడ్డ పాటలు పాడుతదట గదా?" అని చుట్టాలు అడిగితే, "పాటలు కాదు, కప్పల లెక్క అరుస్తది" అని అమ్మ ఉన్నమాటే చెప్తుంది. చెరువులో కప్పలు, మొక్కజొన్న ఆకుల్లో గాలి, రేకుల మీద తొలి చినుకులు, అన్నీ ఒక్క గొంతుతోనే నలభై నిమిషాలు వినిపిస్తాను. వినేవాళ్లు కళ్లు మూసుకుంటారు. కొందరు నిద్రపోతారు, ఆ సంగతీ నాకు తెలుసు.

హన్మకొండలో ప్రదర్శన ఒప్పుకున్నాక నా గొంతు చీలడం మొదలైంది. పై స్థాయికి వెళ్లగానే ఉత్త గాలి వచ్చేది. డాక్టరు గొట్టం పెట్టి చూసి, "చిన్న బుడిపె లేచింది. రెండు వారాలు గట్టిగ అరవొద్దమ్మా" అన్నాడు. ప్రదర్శన ఇంకా ఆరు రోజుల్లో ఉంది. ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేవగానే నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని కూత వేసి చూసుకునేదాన్ని. ఒకరోజు వచ్చేది, ఒకరోజు వచ్చేది కాదు. రానిరోజు మిరియాల పాలు ఇచ్చిన అమ్మ మీద కసురుకునేదాన్ని.

భయమంతా చివరి కూత గురించే. అది నాది కాదు, మా పెద్దమ్మది. వర్ధన్నపేట దగ్గర వాళ్ల ఊళ్లో జొన్నచేను కంకి పట్టినప్పుడు ఆమె మంచె ఎక్కి పిట్టలను తోలేది. ఆమె కూస్తే పక్కచేను మంచె మీదివాళ్లు తిరిగి కూయాలి. నాకు నేర్పుతూ ఒకటే మాట చెప్పింది: "పిలిస్తె పలకాలె బిడ్డా. కూత నడుమల తెగిందనుకో, పిట్టలను ఇడ్సిపెట్టి ఉరకాలె. పామే కరిసిందో, మంచె మీదికెళ్లి కింద పడ్డరో."

నేను దాన్ని కళ చేశాను. కూత తర్వాత అర నిమిషం నిశ్శబ్దం పెట్టాను. పలికే మంచెలు ఇప్పుడు లేవని దాని భావం. పెద్దమ్మకు ఈ భావం చెప్పలేదు, నవ్వుతుందని.

ఆమె వస్తానంది. "బస్సులు ఫుల్ రష్ ఉంటయి, ఎందుకు పెద్దమ్మా?" అన్నాను. "నా కూత జనం ముంగట ఎట్ల కూస్తవో నేను జూడొద్దా?" అంటూ వచ్చి, కొత్త చీరలో మూడో వరుసలో కూర్చుంది.

కప్పలు వచ్చాయి. గాలి వచ్చింది. చినుకులు నాలుకతో పని కాబట్టి పేచీ పెట్టలేదు. చివరికి అరచేతులు నోటి చుట్టూ పెట్టి కూత ఎత్తాను. పైకి పోయి పోయి పుటుక్కున తెగింది. మళ్లీ ఎత్తితే గాలే. హాల్లో చప్పుడు లేదు. తెగడం కూడా కార్యక్రమంలో భాగమే అనుకుంటున్నారు. అలాగే అనుకోనీ అని కదలకుండా నిలబడ్డాను. మోసం చేసే బుద్ధి అంత తొందరగా పుడుతుందని నాకు తెలియదు.

అప్పుడు మూడో వరుసలోంచి జవాబు లేచింది. పెద్దమ్మ నిలబడి, హాలంతా అదిరేలా కూసింది. జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఆమెకు అవేవీ పట్టలేదు. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, అడ్డమున్న కాళ్లను దాటుకుంటూ స్టేజీ దాకా ఉరికొచ్చి నా పాదం పట్టుకుంది.

"ఏమైంది బిడ్డా? గొంతుకేమైంది?"

ఆరు రోజులుగా నన్నెవరూ అడగని మాట అది. చెబుదామని నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.