మూడో ముడికి అడ్డం పడిన అప్‌డేట్

కంప్యూటర్లో అప్‌డేట్ నోటీసు నోరు మూయించిన మొనగాణ్ణి ప్రొద్దుటూరు మొత్తానికి నేనొక్కణ్ణేనని ఏడాదిపాటు చెప్పుకు తిరిగాను. అది పూర్తిగా అబద్ధమూ కాదు. మా ఇంటి కంప్యూటర్ తెర మీద, కింద కుడిమూల ఒక డబ్బా లేచేది. అప్‌డేట్ వచ్చింది, ఆపి మళ్ళీ మొదలుపెట్టనా, ఇప్పుడా తర్వాతా అని అడిగేది. తర్వాత అని నొక్కితే అరగంటకు మళ్ళీ హాజరు. దాన్ని ఆపే దారి తెలియక, పసుపు పూసిన ఒక శుభలేఖ మీంచి వినాయకుడి బొమ్మ కత్తిరించి ఆ మూలన అంటించాను. డబ్బా కనబడ్డం మానేసింది. దేవుడి బొమ్మ కదా, ఇంట్లో ఎవరూ పీకే సాహసం చెయ్యలేదు.

అడిగినవాళ్ళతో మాత్రం, "లోపల సెట్టింగులు మార్చినాలేప్పా, చెప్పినా మీకు ఎక్కదు" అనేవాణ్ణి.

ఆ గొప్పలు జమ్మలమడుగులో ఉండే మా చిన్నాన్న కూతురి చెవిన పడ్డాయి. తన కూతురి పెళ్ళి పెట్టుకుని ఫోన్ చేసింది.

"అన్నా, నీ కంప్యూటర్ తీసుకోనిరా. కువైట్‌లో నా కొడుక్కు సెలవు దొరకలే. తాళి కట్టేది చూడాలంటాండాడు. పెండ్లి హాల్లో ఫోన్లకు సిగ్నల్ రాదు, నీ కంప్యూటర్‌కైతే తీగ లాగి నెట్ ఇస్తారంట."

వెనక నుంచి పెళ్ళికూతురు అందుకుంది. "మాయన్న చూడకపోతే నేను తల వంచను మామా. ముందే చెప్తాండా."

కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాను. మండపం పక్కన బల్లమీద నిలబెట్టి కాల్ కలిపాను. కువైట్ నుంచి మేనల్లుడు కనబడ్డాడు. కొత్త చొక్కా, వెనక హెల్మెట్లు పెట్టుకున్న నలుగురు తోటి పనివాళ్ళు. పనిలో అరగంట మాత్రం అడుక్కున్నాడట. హాలంతా వాడికి చేతులూపింది. ఆ పూట నా ఛాతీ కొలిచి ఉంటే టేపు చాలేది కాదు.

పెళ్ళి చేయించే అయ్యవారు వేలు ఎత్తాడు. గట్టిమేళం మొదలైంది. పులివెందుల చీనీ బత్తాయి తోటల నుంచి వచ్చిన పెళ్ళికొడుకు మొదటి ముడి వేశాడు. సరిగ్గా అప్పుడు తెర నీలంగా మారింది. అప్‌డేట్ జరుగుతోంది, ఎనిమిది శాతం, కంప్యూటర్ ఆపవద్దు. ఇన్నాళ్ళూ వినాయకుడి వెనక కూర్చుని ఆ డబ్బా గడువు పెడుతూనే ఉందన్నమాట. గడువు తీరింది, నన్ను అడగడం మానేసింది.

పెళ్ళికూతురు తల ఎత్తింది. "మామా, మాయన్న యాడ?"

"వస్తాండాడు తల్లీ. రెండు నిమిషాలు."

అప్పటికే రెండో ముడి పడిపోయింది. ఆమె పెళ్ళికొడుకు వైపు తిరిగి, "మూడోది ఆపు" అంది. మొగునితో తన మొదటి మాట అదేనని ఆమె ఈ రోజుకీ ఒప్పుకోదు. నేను పక్కనే ఉన్నాను.

"ఆపినా" అన్నాడతను, దారం రెండు కొసలూ పట్టుకుని.

పులివెందుల వైపు నుంచి పెళ్ళికొడుకు నాయన గొంతు వినబడింది. "అప్పుడే పెండ్లాం చెప్పినమాట వింటాండాడు. ఇంగ వీడు మనకు లేనట్లే."

నలభై శాతం. వంటవాళ్ళు గరిటెలతోనే బయటికొచ్చారు. యాభై, అరవై అని హాలంతా కలిసి అరవడం మొదలుపెట్టింది. మూడో ముడి పడందే మేళం ఆపకూడదు కాబట్టి సన్నాయి ఆయన ఊదుతూనే ఉన్నాడు. బుగ్గలు రెండు కర్బూజాలయ్యాయి. నోట్లోంచి సన్నాయి తియ్యకుండానే ఎవరో ఆయనకు నీళ్ళు తాగించారు. ఎట్లా అని అడగొద్దు, నేను కళ్ళారా చూశాను.

"ఇంక నాలుగు నిమిషాలే నాయనా, ఆ తర్వాత ముహూర్తం నా చేతిలో లేదు" అన్నాడు అయ్యవారు.

తొంభై ఏడు దగ్గర అంకె నిలబడిపోయింది. చెల్లెలు నా పక్కకొచ్చింది. "అన్నా, దీన్ని ఆపినానని ఊరంతా చెప్పుకుంటివే."

"ఆపలేదమ్మా. కనబడకుండా బొమ్మ అంటించినా."

ఆమె వినాయకుణ్ణి చూసి, అలవాటు కొద్దీ దండం పెట్టుకుని, అప్పుడు నన్ను తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను.

వంద. తెర వెలిగింది. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను, మూడోసారి సరిపోయింది. కాల్ కలిపితే సగం రింగుకే ఎత్తాడు. హెల్మెట్ తలమీదికి వచ్చేసింది, వెనక ఎవరో పిలుస్తున్నారు.

"అయిపాయనా?"

"లేదన్నా, నీకోసరమే పట్టుకోనుండాడు, చూడు" అని పెళ్ళికూతురు తల వంచింది.

మూడో ముడి పడింది. అక్షింతలు కీబోర్డు సందుల్లో కూడా పడ్డాయి. వాడు హెల్మెట్ తీసేసి, చేతిలో ఏమీ లేకుండానే అక్కడినుంచి అక్షింతలు వేశాడు. వాడి వెనక నలుగురూ అట్లాగే వేశారు.

కాల్ ఎందుకు తెగిందో వాళ్ళమ్మ నోట విని, "మామా, ముందు సెట్టింగ్స్‌లోకి పో. అప్‌డేట్ అని ఉంటది. దాంట్లో నోటీసుల మీట ఆపు. ఆడనే పనిచేసే గంటలు కూడా పెట్టు, ఆ గంటల్లో అది తనంతట మొదలుకాదు" అన్నాడు.

హాలంతా చూస్తుండగా, బడిపిల్లాడిలా వాడు చెప్పినట్టే చేశాను. నిమిషం కూడా పట్టలేదు.

వాణ్ణి మళ్ళీ పిలిచారు. వాడు కదలడం లేదు.

"పో అన్నా, మేస్త్రీ అరుస్తాండాడు" అంది పెళ్ళికూతురు. "చూసినావు కదా, ఇంగ పో."