చెల్లెకు కంఠతా వచ్చిన అట్ట

మొన్న సారంగాపూర్ బడిలో ట్యాబ్‌లో కొత్త ఫారం తెరిచి, మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను: "నీకేం ఇబ్బందిగా ఉంది?" ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు అని వరుసగా టిక్కులు పెట్టి అందరికీ ఒకే మాత్రలు పంచే పద్ధతి పోయి, ఇకమీదట ముందు పిల్లల్ని అడిగి, ఎవరికేం అవసరమో చూసి, దాన్నిబట్టే వైద్యం చేయించాలట. బళ్లలో కళ్లు పరీక్షించే ఉద్యోగం నాది, సంతోషించాలి. కోపం వచ్చింది.

రాయికల్ దగ్గర మా ఊరి బడిలో నేను ఏడో తరగతి, చెల్లె రెండో తరగతి. ఆరోగ్య పరీక్షల వాళ్లు రావడానికి వారం ముందే కళ్లు పరీక్షించే అక్షరాల అట్ట వచ్చేది. సారు దాన్ని గోడకు తగిలించి, మన బడిల ఒక్కరు గూడ తప్పొద్దనేవాడు. తప్పడమంటే మాకు దెబ్బలే కాబట్టి, ఎక్కాలతోపాటు దాన్నీ వల్లెవేసేవాళ్లం.

ఆ వారంలోనే చెల్లె అరచేత్తో కుడికన్ను మూసుకొని, "అన్నా, గిట్ల మూస్తే గోడంత పొగ లెక్క కనబడ్తంది" అంది. నాకది పాఠం రాని పిల్ల చెప్పే సాకులా వినబడింది. ఏడు వరుసలు, వరుసకెన్ని అక్షరాలో వేళ్ల మీద లెక్కపెట్టించి, రెండు సాయంత్రాల్లో కంఠతా పట్టించాను. జాబితాలంటే నాకు అప్పటికే ప్రాణం.

పరీక్షనాడు చెల్లె ఎంత జోరుగా చదివిందంటే, "ఆగవే పిల్లా, అక్షరం మీద పుల్ల పెట్టనియ్యి!" అని కళ్లు పరీక్షించడానికొచ్చినాయన నవ్వాడు. నవ్వి, నార్మల్ అని రాసి, అందరికిచ్చిన మాత్రలే తనకూ ఇచ్చాడు. బీడీలు చుట్టే అమ్మ చేట పక్కన పెట్టి, "నా బిడ్డ కండ్లు మంచిగున్నయంట" అని వాడకట్టంతా చెప్పుకుంది.

చెల్లె పదో తరగతికొచ్చాక జగిత్యాలలో కంటి డాక్టరు చెప్పాడు: చిన్నప్పుడే అద్దాలిచ్చి, బాగున్న కంటికి కొన్నాళ్లు పట్టీ కడితే ఎడమకన్ను చూపు నిలిచేదని, ఇప్పుడిక రాదని.

ఇప్పుడు ట్యాబ్‌లో అక్షరాలు ప్రతిసారీ మారతాయి, ఎవరూ బట్టీ పట్టలేరు. పిల్లల్ని అడగాలని ఇన్నేళ్లకు అందరికీ తోచింది. మా చెల్లె మాత్రం ఎవరూ అడగకుండానే చెప్పింది, నాకు.

కోరుట్లలో బట్టలు కుడుతుందిప్పుడు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు తల ఓ పక్కకు తిప్పుతుంది. నిన్న కొత్త ఫారం సంగతి చెబితే మిషన్ ఆపి నవ్వింది. "నువ్వు మంచిగనే నేర్పినవ్ అన్నా, ఇంకా యాదికున్నది" అని, రెండు కళ్లూ మూసుకొని ఏడు వరుసలూ అప్పజెప్పింది.

ఒక్క అక్షరం తప్పలేదు.