తోక మీద ఇరవైనాలుగో గీత

శనివారం పొద్దున పదిన్నరకు సెరంగూన్‌లోని మా ఫ్లాటు నుంచి బయలుదేరాను. చేతిలో చెప్పుల డబ్బా. అందులో, పాత చీర ముక్కల మధ్య, మా ఆయన చేసిన ఆఖరి బొమ్మ విమానం. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. దాన్ని చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లకు దారి కూడా తెలుస్తుంది.

మా ఆయన షిప్‌యార్డులో ఓడలకు రంగులు వేసేవాడు. రిటైరయ్యాక ప్లాస్టిక్ ముక్కలు అతికించి మూడు విమానాలు చేశాడు. మూడూ ఒకే జర్మనీ పైలట్ రెండో ప్రపంచ యుద్ధంలో నడిపినవి. వాడెవడో, వాడి మీద ఈయనకు అంత మోజెందుకో, బతికుండగా నేను అడగలేదు. చాంగీ బిజినెస్ పార్కులో ఇలాంటి బొమ్మల క్లబ్బు ఒకటి ఏటా ప్రదర్శన పెడుతుంది. మొదటి రెండూ అక్కడే ఉన్నాయి, ఈ మూడోది కూడా వాటి పక్కన చూసుకోవాలనుకున్నాడు. చూడకుండానే పోయాడు. అది అక్కడ పెట్టించాలి, ఆ పైలట్ సంగతేమిటో తెలుసుకోవాలి. అందుకే ఈ ప్రయాణం.

స్టేషన్ పేర్లు చదవలేనివాళ్లు రైలు మ్యాపులో గీతల రంగులు చూసుకుంటే చాలు. సెరంగూన్‌లో నారింజ గీత రైలెక్కి మూడో స్టేషన్లో దిగాలి. అక్కడ నీలం గీత రైలెక్కితే తొమ్మిదోది ఎక్స్‌పో. టిక్కెట్టు లేదు, కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది.

నీలం రైల్లో ఒక చైనా ఆవిడ నా డబ్బా చూసి, "కేకా ఆంటీ? బర్త్‌డే ఆ?" అంది.

"కాదు, ఏరోప్లేన్."

ఆవిడ పక్క సీటు మీది బ్యాగు తీసేసింది. "అయితే కూర్చో లా! కింద పడితే క్రాష్!" ఇక్కడివాళ్లు మాట చివర ఓ "లా" తగిలిస్తారు.

పదకొండుంబావుకు దిగి, అక్కడి హోటల్లో టీ తాగి, కొబ్బరి జామ్ పూసిన కాయా టోస్టు తిన్నాను. ముందు బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకోండి, అంటే సీటు పట్టుకోండి. లేదంటే టీ పట్టుకుని నిలబడాలి.

పన్నెండుకు హాలు చేరాను. గుమ్మంలో కిరణ్ ఉన్నాడు. కరీంనగర్ మనిషి, నలభై దాటినవాడు, అక్కడే బ్యాంకులో కంప్యూటర్ పని. మా ఆయనతో కలిసి బొమ్మలు చేసేవాడు.

"వచ్చిన్రా ఆంటీ! ఇయ్యండి, జాగ్రత్తగ పట్టుకుంట."

క్లబ్బు పెద్ద ఒక చైనా తాత. భూతద్దం పెట్టి విమానం తోక చూశాడు. దాని మీది తెల్ల గీతలు లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"ట్వంటీ ఫోర్," అన్నాడు తల గోక్కుంటూ.

"ఇరవై మూడే ఉండాల్నంట ఆంటీ," అన్నాడు కిరణ్. "అంకుల్ ఎన్నడు లెక్క తప్పడు గద?"

ఆయన తప్పలేదు. గీసింది నేను. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక సన్న కుంచె నాకిచ్చి, "నీది ముగ్గు పెట్టే చెయ్యి, నువ్వు లాగవే," అన్నాడు. పై వరుస పన్నెండు ఆయన చూస్తుండగానే గీశాను. ఆసుపత్రిలో పడుకుని, కింద పదకొండు గీయమన్నాడు. గీశాక చివర బోసిగా కనిపించింది. వరుసకు వరుస సరిపోవాలని ఇంకోటి లాగాను. అవి అందానికే అనుకున్నాను.

"ఇంతకీ ఏంటయ్యా ఈ గీతలు?"

"కూల్చిన విమానాలు ఆంటీ. గీతకొకటి."

"ఖాళీవా?"

"ఖాళీగ ఎట్ల ఎగుర్తయి? లోపల మనుషులుంటరు గద."

నేను అదనంగా లాగిన గీత మీద వేలు పెట్టాను. కిరణ్ మా ఆయన చేసిన పాత రెండింటినీ దీని పక్కన పెట్టాడు. ఇసుక రంగుది ఆఫ్రికా ఎడారిలో తిరిగింది, తోక మీద అప్పటికి నాలుగు గీతలు. తెల్లది రష్యా మంచులో, పదిహేను. నేను తెచ్చిన బూడిద రంగుది వాళ్ల సొంత ఊళ్లకే కాపలాగా, ఇరవై మూడు ఉండాలి.

"తర్వాత?"

"తర్వాత ఆయన్నే కూల్చిన్రు. పారాచూట్‌తోని దుంకిండు. కాలు పోయింది, పానం దక్కింది."

"మా ఆయనకు వాడంటే అంత ఇష్టమేంటి మరి?"

కిరణ్ నవ్వాడు. "పైలట్ మీద కాదాంటీ. పైలట్ కిందికి దిగంగనే పోయి గీత గీసే పెయింటరొకడు ఉండెటోడు. వాని పేరు ఏ పుస్తకంల లేదు. అంకుల్ ఎప్పుడు వాని గురించే అడిగేటోడు."

తాత నా మొహం చూసి, "పర్లేదు లా ఆంటీ, ఎవరు లెక్కపెడతారు?" అన్నాడు.

"మీరు పెట్టారుగా! కుంచె ఇవ్వండి. బూడిద రంగు కూడా."

ఊపిరి బిగబట్టి, ఒక్క లాగులో ఆ గీత కప్పేశాను. ఆరాక తాత భూతద్దం పెట్టి, "ఎక్కడుండేది?" అని వెతికాడు. నిజంగానే వెతికాడో, నా కోసమో తెలియదు.

విమానం ముందు పెట్టే అట్ట మీద మా ఆయన పేరు రాసి, నా పేరు కూడా రాయనా అన్నాడు కిరణ్.

"పెయింటర్ల పేర్లు ఎవరు రాస్తారయ్యా," అన్నాను.

రాసేశాడు.

మూడున్నరకు నీలం రైలెక్కాను. ఒళ్లో ఖాళీ డబ్బా, గోరు మీద బూడిద రంగు. ఒక మనిషి యుద్ధమంతా మూడు తోకల మీద పట్టేసింది, అదే ఆశ్చర్యం నాకు. ఆ మూడూ ఇప్పుడు క్లబ్బు అద్దాల బీరువాలో ఉన్నాయి. వెళ్తే బూడిద రంగుదాని వెనక వంగి చూడండి. కింది వరుస చివర బోసిగా ఉంటుంది. నేను చెరిపిన గీతలోని మనిషెవడో, కూలిపోకుండా, ఆ సాయంత్రం నాతోపాటే ఇంటికి చేరాడు.