మూడో పేరాలోని ఇయర్ మఫ్‌లు

నేను రిటైర్ కావడానికి ఏడాది ముందు, వానలు మొదలైన రోజుల్లో, పల్సానాలోని మా బట్టల మిల్లు యాజమాన్యం నాకొక అదనపు పని అప్పగించింది. కంపెనీ వెబ్‌సైట్‌లో కార్మికుల మీద ఒక బ్లాగు పోస్టు రావాలి. అందులోని విషయాలు నిజమో కాదో చూసి నేను సంతకం పెట్టాలి. నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. రాసేది మార్కెటింగ్ మేనేజర్ హేతల్‌బెన్. ఆమె, నేను, చివరగా డైరెక్టర్, ముగ్గురి సంతకాలూ పడితేనే పోస్టు వెలువడుతుంది. ఒక విదేశీ కొనుగోలుదారు మనుషులు మిల్లు చూడటానికి రాబోతున్నారు. వాళ్లు ముందు వెబ్‌సైట్ చదువుతారట.

పోస్టుకు ఎంపికైన మనిషి లింగయ్య. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా మా దగ్గర సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. హిందీ వచ్చు గానీ, ఇలాంటివి తెలుగులోనే చెప్తానన్నాడు. ఆఫీసులో తెలుగు వచ్చింది నాకొక్కడికే కనుక దుబాసీ పనీ నాదే అయింది. మగ్గాలతో మీ అనుబంధం ఎలాంటిదని హేతల్‌బెన్ అడిగింది. ఆ ప్రశ్నను నేను అతని చెవి దగ్గర అరిచి చెప్పాను.

"ఏం జెప్పాలె సార్. సాంచెల సప్పుడు తప్ప ఇంకేం ఇనవడ్తలేదు. ఇంట్ల మనుమరాలు పిల్షినా తెల్వది. వచ్చి చెయ్యి గుంజితెనే జూస్త."

ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. మూడో రోజు చిత్తుప్రతి వచ్చింది. "మగ్గాల సంగీతంలో లీనమై ఇంటి పిలుపునే మరిచిన కళాకారుడు" అని ఉంది. అలంకారాన్ని తప్పుపట్టే గడి నేను సంతకం పెట్టాల్సిన ఫారంలో లేదు కనుక దాన్ని వదిలేశాను. మూడో పేరాలో ఇంకో వాక్యం ఉంది: "మగ్గాల విభాగంలో ప్రతి కార్మికుడికీ ఇయర్ మఫ్‌లు ఇస్తాం."

ఇయర్ మఫ్‌లంటే మోత సోకకుండా చెవులను మూసే కప్పులు. అవి కావాలని నాలుగేళ్లలో నేను యాజమాన్యానికి ఆరు నోట్లు రాసి పెట్టాను. ఆరూ "పరిశీలనలో ఉంది" అని తిరిగొచ్చాయి. ఈ వాక్యం ఎక్కడిదని హేతల్‌బెన్‌ను అడిగితే, మీ నోటులోదేనంది. నేను "ఇవ్వాలి" అని రాసింది ఆమె చేతిలో "ఇస్తాం" అయింది.

ఉద్యోగం రెండేళ్లు పొడిగించమని నేను పెట్టుకున్న దరఖాస్తు అప్పటికి డైరెక్టర్ బల్ల మీదే ఉంది. అందుకని ఆ ఫారాన్ని ఒక రోజంతా సొరుగులో దాచాను. మర్నాడు, మూడో పేరా ఈ తేదీకి నిజం కాదని రాసి, సంతకం పెట్టకుండా పంపాను.

డైరెక్టర్ పిలిపించారు. వాక్యం కొట్టేయమంటారనుకున్నాను. పోస్టు మొత్తంలో పనికొచ్చే వాక్యం అదొక్కటేనని, కొనుగోలుదారు వెతికేది దాన్నేనని అన్నారు. అది నిజం కావడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగారు. పది రోజులన్నాను. తొమ్మిదో రోజున డబ్బాలు దిగాయి. అందరికీ పంచాక సంతకం పెట్టాను.

ఫొటో కోసం లింగయ్య ఒక జత పెట్టుకున్నాడు. ఫొటో అయ్యాక తీసి నా చేతికిచ్చాడు.

"నాకెందుకు సార్ ఇప్పుడు. కొత్తగొచ్చినోళ్లకియ్యిండ్రి. ఆళ్లకింకా ఇనవడ్తది."

పోస్టు అనుకున్న రోజే వచ్చింది. కొనుగోలుదారు మెచ్చుకున్నారని విన్నాను. నాకు పొడిగింపు రాలేదు.

నోటు రాసేటప్పుడు అది ఎవరికి చేరాలో చూసుకునేవాణ్ణి గానీ, ఎవరు చదివితే పని జరుగుతుందో ఆలోచించలేదు. ఆ తేడా మొదటి నోటు నాడే తెలిసి ఉంటే, నాలుగేళ్ల మోత కొన్ని చెవులకైనా తప్పేది.