లూబెన్‌కి కావలసిన మురికి

ప్లోవ్‌దివ్ ఊళ్లో లూబెన్ ఇంటికి పాట వినడానికి వెళ్లినవాళ్లెవరూ పాట విని రాలేదు. కాఫీ తాగారు, జున్ను పెట్టి కాల్చిన బానిత్సా తిన్నారు, రికార్డుకి స్నానం చేయిస్తుంటే చూసి వచ్చారు.

ఆయన దగ్గర గ్రామఫోను రికార్డులు కడిగే మిషన్లు మూడున్నాయి. ఏది గొప్పదో తేలేదాకా పాట పెట్టనని పంతం. చేత్తో తిప్పే తొట్టి నోరెత్తదు గానీ, రికార్డుని తడిముద్ద చేసి వదిలేస్తుంది. గుడ్డతో తుడిస్తే పీచు రికార్డు గాడుల్లో దిగబడుతుంది. నీళ్లు పీల్చే మిషను చిటికెలో ఆరబెడుతుంది గానీ, దాని ఏడుపుకి వీధికుక్కలు శ్రుతి కలుపుతాయి. మూడోది నీళ్లని కంటికి ఆననంత సన్నగా అదిరించి గాడి అడుగున ఉన్న మట్టిని కూడా లేపుతుంది. ఆలోగా వచ్చిన చుట్టం కూడా లేస్తాడు.

ఈ సంబరమంతా వంటింట్లోనే. ఆయన భార్య విద్కా మిరపకాయలు కాల్చుకోవాలంటే బాల్కనీలోకి పోవాలి. ఒకసారి ఆవిడ చెల్లెలు మూడో మిషనులో చేపల పులుసు కాగుతోందనుకుని, గరిటె ముంచి ఉప్పు చూసింది.

అన్నీ ఓర్చుకున్న విద్కాకి, కింది వాటా స్తోయ్మెనా మామ్మ దగ్గర మాత్రం ఒళ్లు మండింది. ఇంట్లో బీరువాల నిండా రికార్డులుండగా, ఈయన వారం వారం ఆ ముసలావిడ గుమ్మంలో నిలబడి, పోయిన మొగుడు కొనిపెట్టిన డాన్సు రికార్డులు అడుక్కొస్తున్నాడు. ఆవిడా ఒకరి దగ్గర చెంచాడు పంచదార పుచ్చుకునే మనిషి కాదు. సూపు పంపితే ఆ గిన్నె నిండా తేనె పోసి తిప్పి పంపే రకం.

"మనింట్లో మురికి చాల్లేదా నీకు?" అని నిలదీసింది విద్కా.

లూబెన్ మిషను ఆపాడు. పని మధ్యలో ఆయన మిషను ఆపడం ఆవిడ చూడటం అదే మొదలు.

"ఆవిడ రికార్డులన్నీ బూజు పట్టాయి. చేతులు వణుకుతాయి, కడుక్కోలేదు. ఊరికే కడిగిపెడతానంటే తలుపేసుకుంటుంది. నా పరీక్షకి మురికి కరువైందంటే జాలిపడి ఇస్తోంది."

ఆయన కడిగిన మామ్మ రికార్డు విద్కా తనే పట్టుకుని కిందికి దిగింది.

మామ్మ దాన్ని అప్పటికప్పుడే పెట్టింది. బాకా, డోలు గది నిండా మోగాయి. బల్ల కింద మామ్మ చెప్పులు వాటంతటవే ఆడసాగాయి. పాటయ్యాక, ఏ మిషను గెలిచిందని అడిగింది. ఇంకా తేలలేదని విద్కా అంటే, మామ్మ హమ్మయ్య అనుకుని ఆవిడని దగ్గరికి లాక్కుంది.

"మీ ఆయనతో అనకు. నా రికార్డులన్నీ ఎప్పుడో శుభ్రపడ్డాయి. మురికి అయిపోయిందంటే పాపం ఆ పిల్లాడి పరీక్ష ఆగిపోదూ? అందుకని ఇచ్చే ముందు కాస్త గోధుమపిండి చల్లుతున్నాను."

విద్కా పెదవి కొరుక్కుని, మొహం వీలైనంత గంభీరంగా పెట్టింది.

"పిండి తడిస్తే జిగురవుతుంది మామ్మగారూ. మొహానికి రాసుకునే పౌడరు చల్లండి. ఆయనకి మురికి దొరుకుతుంది, నా వంటిల్లూ ఘుమఘుమలాడుతుంది."